ఖాళీ ట్యాంకు

జి.కొండూరులో రోడ్డు ప్రక్కనున్న ఒక మరమ్మతు కొట్టులో మేము చూచిన పనిని ముందుగా చెప్పెదము. ట్రాక్టరు ట్యాంకు ఒకటి అతుకుకడ కారుచుండెను. డీజిలంతయు వంచివేసి మాటు వేయించుటకు తెచ్చిరి. మేస్త్రీ దానిని పలుమారులు కడిగి, చిల్లు పైకి వచ్చునట్లు ఒరగబెట్టి, మూత తీసియుంచి, చిల్లుకు కొంచెము దిగువవరకు నీరు నింపెను. ఖాళీ ట్యాంకునకు ఇంత శ్రమ యేల యని అడిగితిమి. "ఖాళీదే ప్రమాదమండీ" అనెను.

డీజిలుకే అంత జాగ్రత్త యైనచో పెట్రోలు మాట చెప్పనక్కరలేదు. గాలిలో దాని ఆవిరి నూటికి ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్లవరకు కలిసియున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలును. నిండిన ట్యాంకులో గాలికి చోటుండదు. వంచివేసిన దానిలో గాలియు ఆవిరియు రెండును ఉండును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది, తనంతట తాను పైకి పోదు.

తమ చేతులతో తామే విమానము కట్టుకొనువారికి ఈ సంగతి ప్రాణముతో పని. మన దేశమున అట్టివారు అరుదు. ముంబయిలో అమోల్ యాదవ్ అను పైలటు తమ ఇంటి మేడపై ఆరుగురు కూర్చుండదగిన విమానమును నిర్మించి 2016లో ప్రదర్శించిరి. విదేశములలో వేలమంది కలరు. వారి విమానములలో పెక్కింటికి రెక్కలో ముందుభాగమే ట్యాంకు. అల్యూమినియము రేకులను రివెట్లతో బిగించి, అతుకులకు పాలిసల్ఫైడ్ లప్పము పూయుదురు. చిన్న విమానములలో విరివిగా వాడు పెట్రోలుకు నీలిరంగు కలుపుదురు కనుక, రివెట్టు చుట్టు నీలిమరక కట్టిన కారుచున్నదని తెలియును. అయితే మరక ఉన్నచోటనే చిల్లు ఉండునని నమ్మరాదు. పెంకుటింటిలో వాననీరు ఒకచోట దిగి, వాసము వెంట ప్రాకి, వేరొకచోట కారుటను ఎరుగనివారెవరు?

కావున ట్యాంకును ఖాళీ చేసి, చక్కగా గాలి ఆడనిచ్చి, ఒక గొట్టమునకు బెలూను కట్టి, తక్కిన రంధ్రములు మూసి, మెల్లగా గాలి నింపవలెను. చదరపు అంగుళమునకు 1 పౌను ఒత్తిడిని మించరాదు, మించిన మంచి అతుకులే విచ్చును. పైన సబ్బునీరు పూసినచో బుడగలు చోటు చూపును.

పైపైన లప్పము రాచుట తేలిక. కాని లోపలి పెట్రోలు దానిని వెలుపలికి నెట్టును. వెనుకగోడకు కంత చేసి, పాత లప్పము గీకి, శుభ్రముగా తుడిచి, లోపలినుండియే పూయవలెను. ఆ కంత చేయునప్పుడు కరెంటు డ్రిల్లు రవ్వను మరువరాదు. కొందరు ఓపికలేక పలుచని పూతమందును ట్యాంకులో పోసి అటునిటు ఊపుదురు. ఏండ్లు గడచినపిదప అది పొరలుగా ఊడి ఇంజనుకు పోవు దారికి అడ్డుపడవచ్చును. మోటారు పెట్రోలులోని ఇథనాలునకు అట్టి పూతలు కొన్ని మెత్తబడును. మన దేశమున 2025లో ఆ పాలు నూటికి ఇరువదికి చేరినది. కారుట కంటికి కనబడును, ఈ అడ్డు ఆకాశములో గాని తెలియదు. మాకు ఇదియే ఎక్కువ భయంకరముగా తోచుచున్నది.

జి.కొండూరు మేస్త్రీ మాటు చల్లారినపిదప నీరు తీసి, ట్యాంకును ఆరబెట్టి, డీజిలు నింపి, క్రింద పాత వార్తాపత్రిక పరచెను. మేము టీ త్రాగి వచ్చునప్పటికి కాగితము పొడిగానే యున్నది. అయినను రేపు ఉదయమువరకు ట్యాంకు ఇవ్వననెను.