ఆంగ్లపదములకు ధాతుపాఠము
(చల్లపల్లి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమై నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. జీవితమంతయు బడిలో గడపినవారము గనుక మాకు తెలిసిన విషయమునే మనవి చేసెదము. మన గ్రామములలోని బాలబాలికలు లెక్కలలోగాని శాస్త్రములలోగాని ఎవరికిని తీసిపోరు. తెలుగుబడిలో చదివి పై చదువులకు పోవునప్పుడు ఆంగ్లపదములే వారికి అడ్డు తగులుచున్నవి. దినమునకు ఇరువది మాటలు వల్లించుట, మూడవనాటికి మరచుట, పిమ్మట తమకు చదువు రాదని కుమిలి మానివేయుట. ఇట్టివారిని మేము పెక్కండ్రను చూచితిమి. బుద్ధి లేక కాదు, త్రోవ తెలియక. 1843లో రాబర్టు నోబిలు బందరులో పాఠశాల నెలకొల్పిన నాటినుండియు మన సీమలో ఆంగ్లవిద్య కలదు. వల్లెవేయుట మాత్రము నేటికిని పోలేదు.

ఆ త్రోవ మన యింటనే కలదు. సంస్కృతము చదువువారు ప్రతిపదమును విడిగా వల్లింపరు. పాణినీయ ధాతుపాఠమున ధాతువులు సుమారు 2,000, ఉపసర్గలు 22. హృ ధాతు వొక్కటి పట్టుబడినచో ఆహారము, విహారము, సంహారము, పరిహారము అన్నియు దారిలో పడును. ఆంగ్లములోని శాస్త్రపదములలో అధికభాగము ఇట్లే లాటిను, గ్రీకు ధాతువులతో కట్టబడినది.

ఆ భాషలు మనకు బొత్తిగా పరాయివి కావు. 1786లో కలకత్తాయందు సర్ విలియం జోన్సు సంస్కృతము, గ్రీకు, లాటిను ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని చెప్పెను. తెలుగు ఆ కుటుంబములోనిది కాదని 1816లో ఎల్లిసు దొర చూపెను. అయినను మన నోట నిత్యము మెలగు తత్సమపదములు మనకు ఆ కుటుంబముతో చుట్టరికము కలిపినవి. చూడుడు. మన దంతము లాటినున డెంట్, దంతవైద్యుడు డెంటిస్టు. మన పాదము అచట పెడ్. పాదముతో త్రొక్కునది పెడల్. మన నౌక అచట నావిస్, నౌకాదళము నేవీ. మన నామము అచట నోమెన్; ఎన్నికలలో వేయు నామినేషను, బ్యాంకు కాగితములలో వ్రాయు నామినీ దాని సంతతియే.

వ్యాకరణసూత్రము సైతము కలియుచున్నది. లేదనుటకు మనము హల్లునకు ముందు అకారమును, అచ్చునకు ముందు అన్ అనుదానిని చేర్చుదుము: అధర్మము, అనాదరము. గ్రీకునను ఇదియే విధి. మనము ఆకాశరామన్న ఉత్తరమనుదానిని ఆంగ్లేయులు అనానిమస్ ఉత్తరమందురు. అన్ అనగా లేనిది, ఓనిమా అనగా పేరు.

మన శాస్త్రగ్రంథకర్తలు ఈ మర్మ మెరిగియే పదములు కల్పించిరి. గ్రీకున హైడ్రో అనగా ఉదకము, జెన్ అనగా జనింపజేయునది. కావున హైడ్రోజన్ ఉదజని యయ్యెను. ఆక్సీ అనగా పులుపు. కావున ఆక్సిజన్ ఆమ్లజని. ఎరువుల దుకాణమున మన రైతు పలుకు నత్రజని నైట్రోజన్‌కు అచ్చముగా ప్రతిబింబము.

ఇది పరీక్షల కొరకు మాత్రమే కాదు. చక్కెరవ్యాధి నేడు ఊరూరను కలదు. నెత్తుట చక్కెర మించుట హైపర్‌గ్లైసీమియా, తగ్గుట హైపోగ్లైసీమియా. హైపర్ మన ఉపరి, హైపో మన ఉప. ఒకటి పైది, ఒకటి క్రిందిది. చక్కెర పడిపోయినవానికి వెంటనే తీపి ఇయ్యవలెను, మించినవానికి ఇయ్యరాదు. వైద్యుని చీటిలో ఈ రెండు మాటలను తారుమారుగా చదివినచో ప్రాణమునకే ముప్పు. ఇంట చదువుకొన్న బిడ్డ ఒక్కరున్నను ఈ ముప్పు తప్పును.

అయితే ఈ విద్యకు హద్దులు కలవు. పోలిక కనబడినంత మాత్రమున చుట్టరికము కలుపరాదు. పీడియాట్రిక్స్ పాదవైద్యము కాదు, శిశువైద్యము. అది బిడ్డయను అర్థముగల వేరొక గ్రీకు మాటనుండి వచ్చినది. మరియు ధాతువు పేరు పెట్టినవాని తలంపును చెప్పునేగాని వస్తుతత్త్వమును చెప్పదు. ఆమ్లములన్నిటికి మూలమని లవోయిజరు ఆక్సిజన్‌కు ఆ పేరు పెట్టెను. హైడ్రోక్లోరిక్ ఆమ్లమున అది లేనే లేదని పిమ్మట తేలినది. ఇక తినుట, పోవుట, ఇల్లు మొదలగు వాడుకమాటలకు ఆంగ్లమున వేరే పుట్టుక కలదు. వానిని చదివియు వినియు నేర్వవలెను. బండికూట్ అను మాటకు ధాతువును రోమునగరమున వెదకిన దొరకదు; అది మన వరిచేల పందికొక్కే!

కావున మా మనవి యిది. సంఘమువారు వేసవి సెలవులలో గ్రామగ్రామమున దినమునకు ఒక గంట తరగతి నడిపింపవలెను. దినమునకు రెండు ధాతువుల చొప్పున ఏబది దినములలో నూరు ధాతువులు పూర్తియగును. ముఖ్యమైన ఉపసర్గలను వానితోనే చెప్పవచ్చును. ఇందులకు భవనములు, విరాళములు అక్కరలేదు. ఒక నల్లబల్ల, ఓర్పుగల ఒక ఉపాధ్యాయుడు చాలును. ఉద్యోగవిరమణ చేసినవారు మనలో కొరతగా లేరు. బాలికలను తప్పక పంపవలెను. మందుచీటి చదువవలసిన అక్కర తరచుగా తల్లులకే కలుగును.

నూరు ధాతువులు నేర్చిన బిడ్డ క్రొత్తమాటను చూచి బెదరదు, విడదీసి చూచును. ఆ ధైర్యమును మన బిడ్డలకు కలిగించుడని సభవారిని ప్రార్థించుచు విరమించుచున్నాము. స్వస్తి.