అంగడి అరుగు – సామాజిక మాధ్యమం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



షోలాపూరు తెలుగువారి చరిత్ర మగ్గంతో పెనవేసుకున్నది. తెలంగాణ పల్లెల నుంచి తరలివచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఈ ఊరి చద్దరుకు దేశమంతటా పేరు తెచ్చాయి. షోలాపూరు చద్దరు, టెర్రీ తువాలు భౌగోళిక గుర్తింపును పొందాయి. అయినా వేరెక్కడో నేసిన సరుకుకు షోలాపూరు పేరు తగిలించి తక్కువ ధరకు అమ్మడం ఈ ఊరి నేతకు తీరని బాధగానే ఉన్నది. అసలు సరుకు నేసేవారు మౌనంగా ఉంటే నకిలీదే నిజమై చెల్లుతుంది. చిన్న వ్యాపారి గొంతు విప్పడానికి నేడు చేతికందిన సాధనం సామాజిక మాధ్యమం.

ఫేస్‌బుక్‌లో వ్యాపార సంస్థల పేజీలు 2007లో మొదలయ్యాయి. చిన్న వ్యాపారుల కోసం వాట్సాప్ బిజినెస్ 2018లో వచ్చింది. పేజీ తెరవడం సులభమే. నిలుపుకోవడమే కష్టం. చాలామంది వ్యాపారులు దానిని గోడమీది ప్రకటనగా భావిస్తారు. పండుగకొక శుభాకాంక్షల బొమ్మ, ఆ పక్కన “తగ్గింపు ధరలు” అనే మాట పెట్టి ఊరుకుంటారు. నిజానికి పేజీ గోడ కాదు, అంగడి అరుగు. అరుగు మీదికి వచ్చినవారిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అడిగినదానికి బదులు చెప్పడం పాతతరం వర్తకుల మర్యాద. ఆ మర్యాదే ఇక్కడా పనికివస్తుంది.

మొదటిది, సరుకును ఉన్నదున్నట్లు చూపడం. కొనేవారు చద్దరును చేత్తో తడిమి చూడలేరు. కనుక పగటి వెలుతురులో రెండు వైపులా తీసిన ఛాయాచిత్రం, పొడవు వెడల్పులు, బరువు, నూలు రకం, ధర స్పష్టంగా ఇవ్వాలి. రంగు వెలుస్తుందా, ఎలా ఉతకాలి అన్నవి కూడా ముందే చెప్పాలి. ధర దాచి “సందేశం పంపండి” అంటే సగంమంది వెనుదిరుగుతారు. మగ్గం ఆడుతున్న దృశ్యం ఒక్క నిమిషం చూపినా చాలు. నకిలీ సరుకు అమ్మేవాడికి చూపడానికి మగ్గమే ఉండదు.

రెండవది, బదులివ్వడం. పేజీలో పెట్టిన ప్రతి విషయమూ దానిని అనుసరించే వారందరికీ కనబడదు. జనం ఆసక్తి చూపి మాట్లాడుకునే విషయాలనే ఆ సంస్థల యంత్రాంగం ఎక్కువమందికి చేరవేస్తుంది. అందుచేత డబ్బిచ్చి కొన్న వేలమంది అనుచరుల కంటే ప్రశ్న అడిగే పాతికమంది మేలు. మరాఠీలో అడిగినవారికి మరాఠీలో, తెలుగులో అడిగినవారికి తెలుగులో ఆనాడే జవాబివ్వాలి.

మూడవది, ఫిర్యాదును దాచకపోవడం. “తువాలు రెండు ఉతుకులకే పోగులు లేచింది” అని ఎవరైనా రాస్తే ఆ మాటను చెరిపివేయడం తొందరపాటు. అందరిముందు విచారం తెలిపి, సరుకు మార్చి ఇస్తే చూసిన పదిమందికీ నమ్మకం కలుగుతుంది. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలనీ, నెలలోగా పరిష్కరించాలనీ 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు విధించాయి. అమ్మేవారే కొన్నవారిగా నటిస్తూ పొగడ్తలు రాసుకోవడాన్ని ఆ నియమాలే నిషేధించాయి. చిన్న దుకాణం కూడా ఇదే కొలతగా పెట్టుకోవడం శ్రేయస్కరం.

నాలుగవది, జాగ్రత్త. పేజీ వ్యాపారిదే అయినా ఆ స్థలం పరాయిది. సంకేతపదం దొంగలపాలైతే ఏళ్ళ శ్రమ ఒక్కనాటితో పోతుంది. రెండంచెల రక్షణ పెట్టుకోవాలి. కొనుగోలుదారుల అనుమతితో వారి పేర్లు, ఫోను సంఖ్యలు సొంత పుస్తకంలోనూ రాసుకోవాలి. వాటిని ఇతరులకు ఇవ్వడం విశ్వాసఘాతుకం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఎన్నో ఇళ్ళలో తండ్రి నేత నేస్తాడు, తల్లి అంచులు కుడుతుంది, పేజీలో రాసే పని బిడ్డ చేస్తుంది. ఆ బిడ్డ తరగతిలో నేర్చిన లేఖారచన, మర్యాదగా సంబోధించడం, తప్పులేకుండా రాయడం అక్కడ అన్నం పెట్టే విద్య అవుతున్నది. మాతృభాషలో చదువు బతుకుతెరువుకు పనికిరాదనే వారికి ఇంతకంటే వేరే జవాబు అవసరం లేదు. అయితే ఆ పని చదువు వేళను మింగరాదు. రాత్రి పొద్దుపోయాక వచ్చే ప్రశ్నలకు పెద్దలే బదులివ్వాలి.

వివిధ వృత్తులలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు వారానికొక గంట కేటాయించి, ఈ ఊరి చిన్న నేతగాళ్ళకు పేజీ నడిపే పద్ధతి నేర్పితే, డెబ్బయి అయిదేళ్ళ ఈ విద్యాలయానికి అంతకు మించిన గురుదక్షిణ ఉండదు. సాధనం కొత్తది, మాట నిలుపుకోవడమనే ధర్మం పాతది. ఆ ధర్మాన్ని నమ్మిన అరుగు ఎన్నడూ వెలవెలబోదు.

అందరికీ శుభం కలుగుగాక!