ఎండలో పనిచేసే స్త్రీల రంది ఎవరికి పట్టింది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యమంటే కాన్పులు, కుటుంబ నియంత్రణ, రక్తహీనతల గురించే మనం ఎక్కువగా మాట్లాడుకుంటూ వచ్చాం. మనసు ప్రస్తావన వచ్చినా నాలుగ్గోడల మధ్య ఉండే స్త్రీయే గుర్తొస్తుంది. పొద్దంతా ఎండలో కలుపు తీసే, ఇటుకలు మోసే, రోడ్లు ఊడ్చే స్త్రీల మనసు గురించి ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

కాయకష్టం చేసేవాళ్ళకు దిగులుండదు, పడుకోగానే నిద్రపడుతుంది అనేది కష్టం చేయనివాళ్ళు కల్పించిన మాట. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,64,033 మందిలో 42,004 మంది దినసరి కూలీలు. అంటే నలుగురిలో ఒకరు. వ్యవసాయ కూలీలు ఇందులో లేరు, వాళ్ళ లెక్క వేరు. ఈ దినసరి కూలీలలో స్త్రీలు 4,246 మంది. అదే ఏడాది 'గృహిణుల' ఆత్మహత్యలు 23 వేలకు పైగా ఉన్నాయి. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. పగలు కూలికి పోయి, రాత్రి ఇంటెడు చాకిరీ చేసే స్త్రీని పోలీసు కాగితంలో ఏ గడిలో రాస్తారు? పట్టా ఆమె పేరున లేదు కాబట్టి రైతు కాదు. భర్తనడిగితే "ఇంట్లోనే ఉంటది" అంటాడు. బతికుండగా లెక్కకు రాని శ్రమ చనిపోయాక మాత్రం ఎలా వస్తుంది?

రెండో విషయం భాషది. ఏ కూలి స్త్రీ కూడా ఆరోగ్య కేంద్రానికొచ్చి 'నాకు డిప్రెషన్' అనదు. రంది పట్టుకుందనో, మనాది అనో, గుండె దడ, ఒళ్ళు గుంజుడు, తెల్లబట్ట అనో చెబుతుంది. గోవాలో విక్రమ్ పటేల్, ఆయన సహచరులు జరిపిన అధ్యయనంలో తెల్లబట్ట ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్లకంటే మానసిక వేదనతోనే ఎక్కువ సంబంధం ఉందని తేలింది. మన దగ్గర ఈ ఫిర్యాదుతో వెళ్ళిన స్త్రీకి తరచుగా దొరికే జవాబు గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అన్నీ అనవసరమైనవని నేననడం లేదు. కానీ అప్పుచేసి ఆపరేషన్ చేయించుకుని తిరిగి అదే చేలో వంగిన స్త్రీకి పాత రంది పోలేదు, కొత్త అప్పు తోడైంది.

మూడోది పనిచోటు. చాటు లేక నీళ్ళు తాగడమే మానుకోవడం, మేస్త్రీ వెకిలి మాటలు, చెట్టుకు కట్టిన ఉయ్యాలలో బిడ్డ, అడ్డా మీద నిలబడ్డా పని దొరుకుతుందో లేదోనన్న గుబులు. ఇవన్నీ మానసిక ఆరోగ్య సమస్యలే. నీడ, తాగునీరు, చంటిపిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. ఏ పనిచోటనైనా మనం వీటిని మందులతో సమానంగా అడగాలి. మేస్త్రీ వేధింపులపై ఫిర్యాదుకు 2013 చట్టం కింద జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. మీ జిల్లాలో ఉందా? ఉంటే కూలి స్త్రీలకు ఆ సంగతి తెలుసా?

అలాగని వైద్యం వద్దనడం లేదు. పేదరికం పోయేదాకా ఆగమని నెలల తరబడి నిద్రలేని స్త్రీకి చెప్పలేం. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యం పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, ప్రభుత్వం ఆదుకోవాలని ఆ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. కేసు అవుతుందని భయపడి దాచిపెట్టే కుటుంబాలకు ఈ మాట మనమే చేరవేయాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు డబ్బు ఖర్చులేకుండా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మన పని అన్నం ముద్ద తినే వేళ ఆమె పక్కన కూర్చుని అడగడంతో మొదలవుతుంది. నిద్రపడుతోందా, ఆకలవుతోందా, బతకాలనిపించడం లేదా అని సూటిగానే అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. చెప్పింది నలుగురిలో పెట్టకండి. అవసరమైతే ఆసుపత్రికి తోడు వెళ్ళండి, ఆ రోజు కూలి పోతుందన్న సంగతి మరవకండి. కూలి రేటు, మరుగుదొడ్డి, అప్పు గురించి మనం పెట్టే మీటింగుల్లోనే రంది గురించీ మాట్లాడదాం. మీ మీ ప్రాంతాల్లో స్త్రీలు దీన్ని ఏ మాటలతో చెప్పుకుంటున్నారో చర్చలో పంచుకోవాలని కోరుతూ ముగిస్తున్నాను.