దాను గోత్రం: పట్టా ఒకచోట, కాపురం ఒకచోట
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఎప్పుడూ పెన్షను లెక్కలు, డి.ఆర్. బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులే కదా చర్చకు వస్తాయి. ఈసారి కార్యదర్శిగారు "మీకిష్టమైన చరిత్ర విషయం ఏదైనా ఓ అరగంట చెప్పండి" అన్నారు. ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖలో గొలుసు లాగినవాణ్ణి. నాకిష్టమైన చరిత్ర ఏదైనా చివరికి భూమి దగ్గరకే వస్తుంది. అందుకని ప్రాచీన ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలలో ఒకటైన దాను గోత్రం గురించి, దాని భూమి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మత విషయం జోలికి పోను. బైబిలు చెప్పేదేమిటి, తవ్వకాల్లో దొరికిందేమిటి, అంతవరకే.

యాకోబుకు పన్నెండుగురు కుమారులు. అందులో దాను, రాహేలు దాసి బిల్హాకు పుట్టినవాడు. ఆ పేరుకు "తీర్పు తీర్చాడు" అని అర్థం. సంఖ్యాకాండంలోని మొదటి జనాభా లెక్కలో దాను గోత్రంలో యుద్ధానికి పనికివచ్చే మగవారు 62,700 మంది. రెండో లెక్కలో 64,400. రెండు లెక్కల్లోనూ యూదా గోత్రం తర్వాత పెద్ద గోత్రం ఇదే. కానీ ఇంత పెద్ద గోత్రానికి భూమి దక్కిన తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది.

యెహోషువ గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం మన శాఖవారందరూ చదవదగినది. అప్పటికి ఏడు గోత్రాలకు ఇంకా భూమి పంచలేదు. గోత్రానికి ముగ్గురు చొప్పున మనుషులను ఎంచి, దేశమంతా కాలినడకన తిరిగి, ఊళ్ళ పేర్లతో సహా ఏడు భాగాలుగా వ్రాసి తెమ్మన్నారు. అంటే ఇరవై ఒక్కమంది సర్వే బృందం! వారు తెచ్చిన వివరాలను బట్టి షిలోహు అనే చోట చీట్లు వేశారు. ముందు సర్వే, తర్వాత పంపకం. పద్ధతి మన సెటిల్మెంటు పద్ధతే.

ఆ చీట్లలో ఏడవది, అంటే ఆఖరిది, దానుది. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. యూదా, బెన్యామీను గోత్రాలకు ఫలానా వాగు నుంచి ఫలానా కొండ మీదుగా ఫలానా బుగ్గ దాకా అని హద్దులు చక్కగా వ్రాశారు. దాను దగ్గరకు వచ్చేసరికి జొర్యా, ఎష్తాయోలు, అయ్యాలోను, తిమ్నా, ఎక్రోను వంటి ఊళ్ళ జాబితా ఒక్కటే ఉంది. చివర "యాపో ఎదుటి ప్రాంతం" అన్న మాట ఉంది, అంతే. చుట్టూ సరిహద్దు గీత లేదు. హద్దులు చెప్పని దస్తావేజు ఎన్ని తగాదాలకు దారితీస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

భూమి మాత్రం మంచిదే. ఉత్తరాన ఎఫ్రాయిము, తూర్పున బెన్యామీను, దక్షిణాన యూదా, పడమర సముద్రం. కొండలకూ సముద్రానికీ నడుమ చిన్నచిన్న గుట్టలు, లోయలు. ధాన్యం, ద్రాక్ష, ఒలీవ పండే నేల. అంత మంచి నేలను ముందునుంచీ అనుభవిస్తున్నవారు ఊరికే వదులుతారా? అమోరీయులు దాను వారిని కొండలకు నెట్టివేసి, పల్లపు భూమిలోకి దిగనివ్వలేదని న్యాయాధిపతుల గ్రంథం మొదటి అధ్యాయమే చెబుతుంది. తీరంలో ఫిలిష్తీయులు బలపడ్డారు. ప్రసిద్ధ బలశాలి సంసోను ఈ గోత్రంవాడే. ఊరు జొర్యా. అతని కథ అంతా ఈ హద్దు తగాదాల చుట్టూనే నడుస్తుంది. నక్కల తోకలకు దివిటీలు కట్టి ఫిలిష్తీయుల పంటచేలు తగలబెట్టడం ఎటువంటి పనో పల్లెల్లో పనిచేసినవారికి తెలుసు.

చీటీలో దానుకు పడిన ఎక్రోను సంగతి చూడండి. 1996లో అక్కడి తవ్వకాలలో క్రీ.పూ. ఏడవ శతాబ్దపు శాసనం ఒకటి దొరికింది. పాదీ కుమారుడైన ఎక్రోను రాజు కట్టించిన గుడి శాసనం అది. ఆయన ఫిలిష్తీయుల రాజు. అంటే పంపకం కాగితం మీద ఎలా ఉన్నా, శతాబ్దాలు గడిచినా స్వాధీనం ఫిలిష్తీయులదే. పట్టా చేతిలో ఉండి పొలంలో కాలు పెట్టలేని అసైన్డు భూముల రైతులను నేను నా ఉద్యోగంలో ఎందరినో చూశాను. దాను గోత్రానిదీ అదే స్థితి.

అప్పుడు వారేం చేశారు? న్యాయాధిపతుల గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది. అయిదుగురు మనుషులను వేరే భూమి చూసి రమ్మని పంపారు. వారు ఉత్తరాన సుమారు 160, 170 కిలోమీటర్ల దూరంలో లాయిషు అనే ఊరు చూశారు. అక్కడి జనం నెమ్మదస్తులు. ఎవరితోనూ జగడం లేదు. వారికి అండగా నిలవదగిన సీదోను పట్టణం దూరం. ఆ కబురు విని ఆరువందలమంది ఆయుధాలు ధరించి బయలుదేరారు. దారిలో మీకా అనే అతని ఇంట్లోని విగ్రహాన్ని, పూజారిని కూడా తీసుకుపోయారు. లాయిషు మీద పడి జనాన్ని నరికి, ఊరు తగలబెట్టి, అక్కడే మళ్ళీ కట్టుకుని, తమ మూలపురుషుని పేరు పెట్టుకున్నారు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. తమ భూమి తమకు దక్కలేదన్న బాధ దాను వారికి న్యాయమైనదే. కానీ ఆ బాధకు మూల్యం చెల్లించింది ఏ సంబంధమూ లేని లాయిషు వారు. గ్రంథకర్త కూడా దాన్ని గొప్ప విజయంగా పొగడలేదు. వారు నెమ్మదిగా, నిర్భయంగా బతుకుతున్న జనమని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ వారి చావు చెప్పాడు. నష్టపోయినవాడు మరొకరిని నష్టపరచి లెక్క సరిచేసుకోవడం ఆ కాలంతో పోయిన అలవాటు కాదని మీకు నేను చెప్పాలా!

లాయిషు కల్పిత నగరం కాదు. ఈజిప్టు ఫరో మూడవ థుత్మోసు జయించిన ఊళ్ళ జాబితాలో ఆ పేరుంది. 1838లో అమెరికన్ పండితుడు ఎడ్వర్డ్ రాబిన్‌సన్ ఆ చోటును గుర్తించాడు. అరబ్బులు ఆ దిబ్బను "తెల్ ఎల్ ఖాదీ" అనేవారు. అంటే న్యాయమూర్తి దిబ్బ. దాను అన్న పేరు అర్థం మరో భాషలో అలా నిలిచి ఉంది! 1966 నుంచి అవ్రహాం బిరాన్ నాయకత్వంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. దిబ్బ విస్తీర్ణం సుమారు 50 ఎకరాలు. లాయిషు కాలపు, క్రీ.పూ. 18వ శతాబ్దం నాటి మట్టి ఇటుకల కోటద్వారం కమానులతో సహా నిలిచి ఉంది. దానిపైన, క్రీ.పూ. 12వ శతాబ్దం నాటి పొరలో, ధాన్యం దాచుకునే పాతరలు బయటపడ్డాయి. కొత్తగా వచ్చి దిగినవారి ఆనవాళ్ళు అవేనని బిరాన్ అభిప్రాయం.

ఆ ఊరిని వారు ఎందుకు కోరుకున్నారో నీటిని చూస్తే తెలుస్తుంది. హెర్మోను పర్వతం మీది మంచు కరిగి నేలలో ఇంకి, ఆ దిబ్బ పక్కనే ఊటగా పైకి వస్తుంది. యొర్దాను నదికి మూలమైన మూడు పాయలలో పెద్దది ఇదే. ఏడాదికి సుమారు 25 కోట్ల ఘనపు మీటర్లు. మన ఇంజనీరు మిత్రుల భాషలో తొమ్మిది టి.ఎం.సి.లకు కాస్త తక్కువ.

తర్వాతి చరిత్ర క్లుప్తంగా చెబుతాను. "దాను మొదలు బెయేర్షెబా వరకు" అంటే దేశమంతా అని అర్థం వచ్చింది. మనం ఆసేతుహిమాచలం అన్నట్టు. రాజ్యం రెండుగా చీలాక, క్రీ.పూ. 930 ప్రాంతంలో, యరొబాము రాజు బేతేలులో ఒకటి, దానులో ఒకటి బంగారు దూడలను నిలిపాడు. క్రీ.పూ. 733, 732 నాటికి అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరు ఆ ఉత్తర ప్రాంతాన్ని జయించి జనాన్ని చెరపట్టుకుపోయాడు. గోత్రం చెదిరిపోయింది. కొత్త నిబంధన ప్రకటన గ్రంథంలోని గోత్రాల జాబితాలో దాను పేరే లేదు.

పేరు పోయినచోట రాయి మాట్లాడింది. 1993 జూలైలో కోటద్వారం దగ్గరి గోడలో అరమాయిక్ శాసనం ముక్క ఒకటి కనిపించింది. మరుసటి ఏడాది మరి రెండు ముక్కలు దొరికాయి. క్రీ.పూ. తొమ్మిదవ శతాబ్దపు ఆ శాసనంలో "దావీదు వంశం" అన్న మాట ఉంది. బైబిలు వెలుపల దావీదు పేరు అంత స్పష్టంగా దొరకడం అదే మొదలు. మొదటి ముక్కను చూసింది గీలా కుక్. ఆమె ఆ బృందంలో సర్వేయరు! ఈ మాట చెబుతుంటే నాకు ఎంత గర్వంగా ఉందో మీరు ఊహించగలరు.

ఇక గోత్రం పేరు మనుషుల బతుకులు మార్చిన సంగతి. ఇథియోపియాలోని యూదులు దాను సంతతివారేనని 1973లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలలో ఒకరైన ఒవాదియా యోసెఫ్ తీర్పు చెప్పారు. 1991 మే నెలలో సుమారు 36 గంటల్లో 14,000 మందికి పైగా ఇథియోపియా యూదులను విమానాల్లో ఇశ్రాయేలుకు చేర్చారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా, తాము ఎఫ్రాయిము గోత్రపువారమని చెప్పుకొనే కొన్ని కుటుంబాలు ఉన్నాయి. రక్తసంబంధం నిరూపించడం చరిత్రకు కష్టం. కానీ ఫలానావారమని చెప్పుకోవాలన్న మనిషి ఆశను మనం తేలికగా తీసుకోరాదు.

టెల్ అవీవ్ మహానగర ప్రాంతాన్ని ఇవాళ "గుష్ దాన్" అంటారు. చీటీలో పడి చేతికి రాని ఆ సముద్రతీరానికి చివరకు దాను పేరే స్థిరపడింది. మనం గీసిన గీతలు, వ్రాసిన రికార్డులు ఎన్నాళ్ళు నిలుస్తాయో తెలియదు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న మనుషులను మరవకుండా గీశామా లేదా అన్నదే మనకు మిగిలే తృప్తి. సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పండి.