తాడు పట్టిన చెయ్యి

ఇవాళ అడవి గైడులుగా పట్టా అందుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

నల్లమలలో చెంచులు తేనె తీయడం మీలో కొందరు చూసే ఉంటారు. కొండచరియ అంచు నుంచి తాడు వదులుతారు. ఒకడు ఆ తాడుకు వేలాడుతూ తేనెపట్టు దాకా దిగుతాడు. కింద లోయ, చుట్టూ పొగ, ముఖం నిండా తేనెటీగలు. వాడికి పైన ఏం జరుగుతోందో కనిపించదు. పైన తాడు దగ్గర ఒకడు కాపలా ఉంటాడు. ఆ పైవాడు బావమరిది అయి ఉండాలని వాళ్ల ఆనవాయితీ. ఎందుకని అడిగితే పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ముసలివాళ్లు ఒకటే మాట చెబుతారు: అన్నదమ్ములకు ఏ తగాదాలైనా ఉండొచ్చు, బావమరిది మాత్రం తన తోబుట్టువు బతుకును చేజేతులా కొయ్యడు.

నేను ఈ మాట ఇక్కడ ఎందుకు ఎత్తానంటే, రేపటి నుంచి మీ పని అదే. హైదరాబాదు నుంచో కర్నూలు నుంచో ఒక కుటుంబం జీపు దిగుతుంది. వాళ్లకు మీ ఊరు తెలియదు, మీ ఇంటిపేరు తెలియదు. అయినా తాడు కొస మీ చేతిలో పెట్టి అడవిలోకి దిగుతారు. మీరు వాళ్లకు బావమరిది కారు. మరి ఏ ధైర్యంతో దిగుతున్నారు? మీ మెడలో వేలాడే ఆ గుర్తింపు కార్డును చూసి. లైసెన్సు అంటే నా దృష్టిలో బంధుత్వానికి బదులుగా ఇచ్చే కాగితం. బంధుత్వం చేసే పనంతా అది చేయాలి. అందుకే దాని వెనుక అంత చదువు ఉండాలి.

ఈ కాగితం ఎక్కడ పుట్టిందో ఒకసారి చూడండి. నేడు ఫ్రాన్సులో ఉన్న షమొనీ అనే కొండ పల్లె. 1820 ఆగస్టులో డాక్టర్ హామెల్ అనే రష్యా శాస్త్రవేత్త మాంట్ బ్లాంక్ ఎక్కడానికి అక్కడి గైడులను వెంటబెట్టుకుని బయలుదేరాడు. దారిలో వాతావరణం చెడింది. దిగిపోదామని గైడులు అన్నారు. ఆయన ముందుకే అన్నాడు. మంచు చరియ విరిగిపడింది. ముగ్గురు గైడులు హిమానీనదం పగులులో పడి పోయారు. డబ్బిచ్చినవాడు బతికాడు, దారి తెలిసినవాళ్లు చనిపోయారు. మరుసటి సంవత్సరమే, 1821లో, షమొనీ గైడులు తమ సంఘం పెట్టుకుని నియమాలు రాసుకున్నారు, ఆపదలో పడిన గైడుల కుటుంబాలకు నిధి ఏర్పాటు చేసుకున్నారు. 41 ఏళ్లు గడిచాక, 1861లో, ఆ ముగ్గురి అవశేషాలు హిమానీనదం కింది కొసన బయటపడ్డాయి. అంతకాలం మంచు వాళ్లను మెల్లగా కిందికి మోసుకొచ్చింది. ఈ వృత్తి నియమాలకు పునాది ఆ ముగ్గురు. వాళ్లు ‘దిగిపోదాం’ అన్న మాటను ఎవరూ లెక్కచేయలేదు. రేపు మీరు ఆ మాట అనవలసి వచ్చినప్పుడు మీ గొంతు వణకకూడదు.

అమెరికాలోని మేయిన్ రాష్ట్రం 1897లో గైడులు తప్పనిసరిగా నమోదు కావాలని చట్టం చేసింది. మొదటి ఏడాదే వెయ్యి మందికి పైగా నమోదయ్యారు. ఒకటో నంబరు లైసెన్సు అందుకున్నది ఒక స్త్రీ, కార్నీలియా క్రాస్బీ. ముందు వరుసలో కూర్చున్న చెల్లెళ్లూ, ఈ పని ఆడవాళ్లకు ఎందుకని మీ వీధిలో ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి. ఆ రాష్ట్రంలో ఇప్పటికీ రాత పరీక్షతో పాటు నోటి పరీక్ష ఉంది. పరీక్షకుల ముందు కూర్చోబెట్టి మ్యాపు, దిక్సూచి చేతికిస్తారు. తర్వాత ఒక చిక్కు ముందు పెడతారు: నీ వెంట వచ్చినవాళ్లలో ఒకడు కనిపించడం లేదు, ఏం చేస్తావు? ఈ నోటి పరీక్ష సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మీరు నేర్చినవాటిలో మ్యాపు చదవడం అన్నిటికంటే పొడిగా అనిపించి ఉంటుంది. 50 వేల స్కేలు మ్యాపులో 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు, ఎత్తు గీతకూ ఎత్తు గీతకూ 20 మీటర్లు. ఫోను సిగ్నలు పోయిన చోట ఆ పొడి లెక్కే ప్రాణం నిలుపుతుంది. గీతలు ఒకదాన్నొకటి అంటుకుని కనిపిస్తే అక్కడ చరియ ఉందని అర్థం, మనుషులను అటు తీసుకెళ్లకూడదని అర్థం. రాత్రి పడితే ధ్రువ నక్షత్రం ఉంది. మన శ్రీశైలం దగ్గర అది ఉత్తర దిక్కున దాదాపు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. అంటే నేల అంచు నుంచి ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తు. చెట్లు దట్టంగా ఉంటే కనిపించదు. అందుకని చీకటి పడకముందే బయలు ఉన్న చోటికి చేరుకోవాలి.

ఇక జంతువుల సంగతి. వచ్చినవాళ్లందరూ పులి కోసమే వస్తారు. మీరు మాత్రం ఎక్కువ జాగ్రత్త పడవలసింది ఎలుగుబంటితో. పుట్ట తవ్వుకునేటప్పుడు దానికి వేరే ధ్యాస ఉండదు. మనం చప్పుడు లేకుండా దగ్గరికి పోతే ఉలిక్కిపడి మీద పడుతుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కిందికి ఎవరినీ తీసుకెళ్లకండి. పొదలు మూసుకుపోయిన మలుపుల్లో గట్టిగా మాట్లాడుతూ నడవండి. అడుగుజాడల్లో గోళ్ల గుర్తులుంటే రేచుకుక్కో దుమ్ములగొండో, గోళ్లు లేకుండా మెత్తని ముద్రలుంటే పులో చిరుతో అని మీకు నేర్పారు. కణితి అరుపు వినడం నేర్పారో లేదో నాకు తెలియదు. దుప్పి, కొండముచ్చు ఒక్కోసారి ఉత్తుత్తినే బెదురుతాయి. కణితి ఆగి ఆగి అరుస్తూ ఒకే వైపు చూస్తోందంటే అటు పెద్ద జంతువు ఉన్నట్టే. అప్పుడు జీపును అటు ఉరికించమని మీ మీద ఒత్తిడి వస్తుంది. ఏ జంతువుకైనా 20 మీటర్ల దూరం, ఆగిన జీపుకూ జీపుకూ మధ్య 50 మీటర్ల దూరం అని 2012 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పులి కనిపించని రోజున కూడా పుట్టనూ ఏగిసచెట్టునూ చూపించి సంతోషంగా పంపగలిగినవాణ్ని నేను మంచి గైడు అంటాను.

పాము కాటు గురించి మీకు చెప్పినదే మళ్లీ చెబుతాను. గాటు పెట్టవద్దు, నోటితో పీల్చవద్దు, బిగించి కట్టవద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా చెక్క కట్టి మోసుకుని ఆసుపత్రికి చేర్చండి. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లారి కనురెప్పలు వాలిపోతుంటే నిద్రమత్తు అనుకోవద్దు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషంతో తయారవుతుంది. ఆ విషంలో ఎక్కువ భాగం ఎన్నో ఏళ్లుగా తమిళనాడులోని ఇరుళర్ల సహకార సంఘం నుంచి వస్తోంది. 1978లో పెట్టుకున్న సంఘం అది. ఇరుళర్లయిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు పాములవాళ్లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. తరాలుగా చేతుల్లో ఉన్న విద్యకు దేశం పెట్టిన దండం అది.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. నేను చెంచుల బిడ్డను కాను, అమ్రాబాద్ అంచు పల్లెలో పుట్టినవాణ్ని. గైడుగా కుదిరిన రెండో ఏడాది, ఏప్రిల్ నెల. ఆరుగురు వచ్చారు. పదకొండు గంటల వేళ, లోయలో నీటి గుండం ఉందట కదా, చూపించమన్నారు. ఎండ ముదిరింది, వద్దనాలి. వాళ్లు దూరం నుంచి వచ్చారు, మొహమాటపడ్డాను. సరే అన్నాను.

హిమాలయాల్లో ముందు ఎక్కుతారు, అలిసిపోయాక దిగుతారు. మన లోయల్లో ఇది తలకిందులు. ముందు దిగుడు హాయిగా ఉంటుంది. నడినెత్తిన ఎండ, ఖాళీ సీసాలు, వణికే కాళ్లు ఉన్నప్పుడు ఎక్కుడు మొదలవుతుంది. నడకకు గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట అని ఒక పాత లెక్క ఉంది. అది చల్లని దేశం లెక్క. మన ఏప్రిల్‌లో దానికి రెట్టింపు వేసుకోవాలి. నేను అసలు ఏ లెక్కా వేయలేదు. నీళ్లు కూడా చదును దారికి సరిపడానే తెచ్చాను. సగం ఎక్కేసరికి ఆ ఆరుగురిలో పెద్దాయన మాట తడబడింది. భార్య పేరు అడిగితే వేరే ఏదో చెప్పాడు. అలిసిపోయాడనుకున్నాను. అది వడదెబ్బ. వేడి మెదడును తాకినప్పుడే మాట తప్పుతుంది, ఆ క్షణం నుంచి నిమిషాలు లెక్క. నేను ఆయన నోట్లో నీళ్లు పోయబోయాను. స్పృహ సరిగా లేనివాడికి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని కూడా అప్పుడు తోచలేదు.

నా చెయ్యి ఆపింది నేను మామ అని పిలిచే ఒక చెంచు మనిషి. పక్క పెంటలో ఉండేవాడు. మేం దిగుతున్నప్పుడు మా సీసాలు లెక్కపెట్టాడట. చాలవని తెలిసి కుండతో వెనకాలే వచ్చాడు. పెద్దాయన్ను బండ నీడన పడుకోబెట్టి, చొక్కా విప్పి, ఒళ్లంతా తడిపి, కొమ్మతో విసురుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి పెద్దాయన కళ్లు తెరిచి మనవరాలిని పిలిచాడు. తర్వాత మోసుకుని పైకి తెచ్చాం. ఆయన బతికాడు.

ఆ రోజు గైడు గుర్తింపు కార్డు నా జేబులో ఉంది. తాడు మాత్రం మామ చేతిలో ఉంది.

అందుకే వేదిక మీది పెద్దలను ఒక్కటి అడుగుతున్నాను. మామలాంటివాళ్లు పెంటల్లో ఇంకా ఉన్నారు. పులుల జాడ తీసే పనిలో, అడవి కాపలాలో చెంచులే ముందుంటున్నారు. పరీక్ష పేపరు దగ్గరికి వచ్చేసరికి వెనకబడుతున్నారు. అడవి మనుషుల చదువు ఎంతటిదో చూడండి: 2024లో పాపికొండల అడవిలో అటవీ సిబ్బంది నల్లమద్ది చెట్టుకు గాటు పెడితే నీళ్లు చిమ్మాయి. దేశమంతా దాని వీడియో చూసి ఆశ్చర్యపోయింది. అక్కడి కొండరెడ్లకు మాత్రం అది ఎప్పటినుంచో తెలుసు. అంత తెలిసినవాడు తెల్లకాగితం ముందు తల వంచుకుని లేచి వెళ్లిపోవడం నాకు బాధగా ఉంటుంది. మేయిన్‌లోలాగా మనమూ నోటి పరీక్ష పెట్టుకోవచ్చు. అదీ గదిలో వద్దు, అడవిలో పెట్టండి. ఒక మనిషి తప్పిపోయాడు, ఏం చేస్తావని అడగండి. మిగిలినవాళ్లను ఒక్కచోట కూర్చోబెడతానని, చివరిసారి కనిపించిన చోట గుర్తు పెడతానని, మూడేసి ఈలలు వేసి చెవి ఒగ్గి వింటానని అతను తన మాటల్లో చెబుతాడు. రాసుకోవలసింది పరీక్షకుడు.

అలా అని మీ చదువు తక్కువని నేను అనడం లేదు. రొమ్ము మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కి ఆగిన గుండెను ఆడించాలని మామకు తెలియదు, మీకు తెలుసు. 1972 వన్యప్రాణి చట్టం ఏమంటుందో మీకు తెలుసు. ఇంగ్లీషు మాట్లాడే అతిథికి నచ్చజెప్పడం మీకు వచ్చు. మామకు మీరు ఇవి నేర్పండి, ఆయన దగ్గర మీరు కణితి అరుపు నేర్చుకోండి. ఒక్కొక్కరు ఒక్క ఏడాదైనా ఏదో ఒక పెంటలో ఒక పెద్దమనిషి వెనక నడవండి. ముందు కాదు, వెనక.

మామ ఇవాళ వచ్చాడు. వేదిక మీదికి రమ్మంటే ఒప్పుకోలేదు. అదిగో, చివరి వరుస వెనక చింతచెట్టు కింద కూర్చున్నాడు. ఒళ్లో నారతాడు ఉంది, నిన్న రాత్రి పేనాడు. పట్టాలు తీసుకున్నాక ఫోటోల కంటే ముందు ఆయన దగ్గరికి వెళ్లండి. తాడు ఇచ్చి ముడి వేయమంటాడు. మీరు వేశాక తన బరువంతా దాని మీద వేసి గుంజి చూస్తాడు.