బస్సు పాసుకు ముందు కావలసిన కాగితం
(సొసైటీ వార్షిక సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

పిల్లల్ని ఎత్తుకుని వెనక నిలబడి ఉన్న తల్లులకు ముందుగా ఒక మాట. ముందు వరుసలో ఖాళీ కుర్చీలు ఉన్నాయమ్మా, వచ్చి కూర్చోండి.

దివ్యాంగుల విద్య గురించి మాట్లాడమని అధ్యక్షులు గారు చెప్పారు. బీఈడీలో, ఎంఈడీలో దాని మీద చదివిన పాఠాలు చాలానే ఉన్నాయి. కానీ బడిలో పిల్లవాడికి ఎలా చెప్పాలన్నది రెండో మాట, వాడు బడి దాకా ఎలా వస్తాడన్నది మొదటి మాట. పెద్దయ్యాక పనికి, ఆసుపత్రికి, ఆఫీసుకు ఎలా వెళతాడన్నదీ అదే ప్రశ్న. అందుకని ఇవాళ నేను బస్సు పాసు గురించి మాట్లాడతాను. ఇంత చిన్న విషయమా అని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

నేను పనిచేసే బడి కోటప్పకొండ దారిలో ఉంది. శివరాత్రి వచ్చిందంటే ఆ దారి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు కదులుతాయి, ఆర్టీసీ వాళ్లు ప్రత్యేక బస్సులు వరసపెట్టి తిప్పుతారు. తిరునాళ్లలో గాజుల కొట్లు, బొమ్మల కొట్లు పెట్టుకునే మన వాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క పూట బస్సుకు కొదవ ఉండదు. మిగిలిన రోజుల్లో కొండ నుంచి పేటకు ఉన్న 12, 13 కిలోమీటర్లు కాళ్లు బాగున్నవాడికి ఒక లెక్క, లేనివాడికి ఇంకో లెక్క.

నా దగ్గర చదువుకున్న ఒకతను ఇప్పుడు పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తున్నాడు. చిన్నప్పుడు పోలియో సోకి ఎడమ కాలు చచ్చుబడింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో బెంగాల్లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో దేశం పోలియో నుంచి బయటపడిందని ప్రకటించారు. అంతకు ముందు పుట్టిన ఇలాంటి వాళ్లు ఇప్పుడు సంసారాలు మోస్తున్న వయసులో ఉన్నారు. ఇతను నెలకు ఇరవై ఆరు రోజులు పనికి వెళతాడు. రానూ పోనూ కలిపితే యాభై రెండు టికెట్లు. బస్సు తప్పితే ఆటో. జీతం చేతికి రాకముందే కొంత దారిలోనే ఖర్చయిపోతోంది.

ఇతనికి మూడేళ్ల కిందట ఒక దాత మూడు చక్రాల బండి కొనిచ్చారు. ఆయన పెద్ద మనసును నేను తక్కువ చేయడం లేదు. కానీ పదమూడు కిలోమీటర్లు చేత్తో తిప్పుకుంటూ ఎవరు పోగలరండీ? అది ఇప్పటికీ వాళ్ల ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది, పిల్లలు ఎక్కి ఆడుకుంటున్నారు. అతనికి కావలసింది బస్సు పాసు. ఆర్టీసీ ఎన్నో ఏళ్లుగా దివ్యాంగులకు రాయితీ పాసులు ఇస్తోంది. కాళ్లకు, చేతులకు వైకల్యం ఉండి అది 40 శాతానికి తగ్గకపోతే సగం టికెట్టుతో ప్రయాణం చేసే వీలు ఉండేది. చూపు, వినికిడి, మానసిక ఎదుగుదల లోపాలకు వేరే నిబంధనలు ఉన్నాయి. ఇవన్నీ అతనికి తెలియవా? తెలుసు. పాసు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

ఆధార్ కార్డులో అతని పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది. వైకల్య సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడి అక్షరాల్లోకి మారింది. రేషను కార్డులో ఇంటిపేరు చివరికి వెళ్లింది. ఇది అతని ఒక్కడి సమస్య కాదు, మన పల్నాడులో ఇంటింటి సమస్య. షేక్ అని ఒకచోట, ఎస్.కె. అని ఇంకోచోట. మస్తాన్‌వలి ఒకే మాటగా ఒకచోట, మస్తాన్ వలీ అని రెండు ముక్కలుగా ఇంకోచోట. సైదా, సైదులు, సైదావలి ముగ్గురూ ఒకే మనిషి. బీబీ, బి, బేగం సంగతి ఆడపిల్లల తల్లుల్ని అడగండి. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, మౌల్వీ గారు పెట్టిన పేరు ఒకటి, బడిలో చేర్పించడానికి వచ్చిన మేనమామ చెప్పిన పేరు ఇంకొకటి. మనకు ఇవన్నీ ఒకటే. కంప్యూటరుకు మాత్రం ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరే మనిషే. కౌంటరులో కూర్చున్న ఉద్యోగిని తిట్టి లాభం లేదు, ఆయన ముందున్న తెర ఒప్పుకోదు.

కాబట్టి మొదట ఆధార్ చూసుకోవాలి. అందులో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. తొందరపడి ఎవరో చెప్పినట్టు మార్చేస్తే తర్వాత దారి ఉండదు. ఆధార్‌లో పేరు సరిగ్గా ఉంటే దాన్ని కదిలించకుండా, మిగతా కాగితాలన్నీ దానికి సరిపోయేలా సరిచేయించుకోవాలి. పిల్లల విషయంలో ఇంకో సంగతి. అయిదేళ్లకు ఒకసారి, పదిహేనేళ్లకు ఒకసారి వేలిముద్రలు, కంటిపాప ముద్రలు మళ్లీ ఇవ్వాలి. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోండి. వేళ్లు లేనివారికి, ముద్ర పడనివారికి మినహాయింపు ఉంది. అది లేదని ఎవరైనా తిప్పి పంపితే పై అధికారిని అడగండి.

తర్వాతది సదరం సర్టిఫికెట్టు. పింఛనుకైనా, బస్సు పాసుకైనా, స్కాలర్‌షిప్పుకైనా తాళంచెవి అదే. సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు బుక్ చేసుకుంటే తేదీ, ఆసుపత్రి పేరు చెబుతారు. ఆ రోజు వెళ్లాలి. డాక్టరు పరీక్షించి శాతం వేస్తారు. చెప్పడానికి ఇది మూడు వాక్యాలే. స్లాట్లు తెరిచిన రోజునే నిండిపోవడం మాత్రం మీలో చాలామందికి అనుభవమే. ఫోన్ నంబరు మారిపోయి మెసేజ్ వేరేవాళ్లకు వెళితే ఆ తేదీ పోయినట్టే. తేదీ వచ్చినా, మంచం దిగలేని మనిషిని ఆటోలో ఎక్కించి, ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, మళ్లీ ఇంటికి తేవాలి. ఆ రోజు తోడు వెళ్లినవాడికి కూలి పోతుంది. ఉచిత పాసు కోసం పేదవాడు ముందుగా పెట్టే ఖర్చు ఇది. దీన్ని ఏ ప్రభుత్వమూ తిరిగి ఇవ్వదు.

ఇంత కష్టపడి వెళ్లినవాళ్లు పాత రిపోర్టులు ఇంట్లో మరిచిపోతారు. వినికిడి పరీక్ష కాగితం, పాత ఆపరేషను చీటీ, ఎక్స్‌రే, ఏది ఉంటే అది సంచిలో పెట్టుకుని వెళ్లాలి. సర్టిఫికెట్టు వచ్చాక అది శాశ్వతమా, తాత్కాలికమా అన్నది చదవండి. పిల్లలకు చాలాసార్లు కొన్నేళ్ల గడువుతోనే ఇస్తారు. గడువు దాటిన కాగితంతో పాసు రెన్యువల్ కాదు. ఆ తేదీని క్యాలెండరు మీద రాసుకునే తల్లి నాకు ఇప్పటిదాకా ఒక్కరే కనిపించారు. ఆమె ఇప్పుడు ఇక్కడే ఉన్నారు, పేరు చెబితే కోప్పడతారు.

కంటికి కనిపించే వైకల్యం ఒక్కటే వైకల్యం అని మనలో చాలామంది అనుకుంటాం. 1995 నాటి చట్టంలో ఏడు రకాలే ఉండేవి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది. ఆటిజం, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, కండరాల క్షీణత, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు, అందరూ ఉన్నారు. మన ఇళ్లలో దగ్గరి సంబంధాలు చేసుకునే అలవాటు ఉంది కాబట్టి తలసేమియా లాంటివి మనం ఇంకొంచెం శ్రద్ధగా చూసుకోవాలి. ఈ మాట ఎవరినీ నొప్పించడానికి అనడం లేదు. ఇలాంటి పిల్లవాడు బస్సులో దివ్యాంగుల సీట్లో కూర్చుంటే "నీకేమైందిరా, లే" అంటారు. జేబులో కార్డు ఉంటే కనీసం అది చూపించి కూర్చోగలడు.

ఇంకో మాట. పేరుకు ముందు కుంటి, గుడ్డి, మూగ అని తగిలించి పిలవడం మన ఊళ్లలో ఎవరికీ తప్పుగా తోచదు. నలుగురిలో అవమానించాలనే ఉద్దేశంతో దివ్యాంగుణ్ణి కించపరిస్తే అదే చట్టం కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. అలాగే లేని వైకల్యం చూపించి లబ్ధి పొందినా రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడవచ్చు. సిఫార్సు చేయమని మీ దగ్గరకు వచ్చేవాళ్లలో ఇలాంటి వాళ్లూ ఉంటారు, మొహమాటపడకండి. దొంగ సర్టిఫికెట్టు ఒకటి పట్టుబడితే పరిశీలన పేరుతో వందమంది నిజమైన వాళ్లు మళ్లీ ఆసుపత్రి మెట్లు ఎక్కవలసి వస్తుంది.

సదరం మన రాష్ట్రం కాగితం. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది. 40 శాతం లోపు తెలుపు, ఆ పైన పసుపు, 80 నుంచి నీలం రంగు. పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో వెళతారు కాబట్టి అది కూడా తీసుకోండి. పేట స్టేషన్లో రైలెక్కేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేని వారికి స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఇస్తారు, తోడు వెళ్లేవారికి కూడా అంతే. దాని దరఖాస్తు రైల్వేకు విడిగా చేసుకోవాలి.

ఇక కొత్త సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో మహిళలు పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఉచితంగా వెళుతున్నారు. దివ్యాంగురాలైన అమ్మాయికి ఆధార్ చాలు, వేరే పాసు అక్కర్లేదు. నేను గమనించినది ఇంకొకటి ఉంది. కొడుకును ఆసుపత్రికి తీసుకెళ్లే తల్లికి టికెట్టు పడటం లేదు, కొడుక్కి పడుతోంది. తండ్రి తీసుకెళితే ఇద్దరికీ పడుతుంది. ఆ తర్వాత 2025 డిసెంబరు 3న, ప్రపంచ దివ్యాంగుల దినోత్సవం నాడు, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఇంద్రధనస్సు పేరుతో ఏడు వరాలు ప్రకటించారు. వాటిలో ఆర్టీసీలో దివ్యాంగులకు ఉచిత ప్రయాణం ఒకటి. సంతోషించవలసిన విషయమే. కానీ ఉచితం వచ్చినప్పుడు కూడా మొదట అడిగేది కాగితమే. కాగితం ఉన్నవాడు ఆ రోజే బస్సెక్కుతాడు. లేనివాడికి సగం టికెట్టు ఎంత దూరంలో ఉండేదో, ఉచితం కూడా అంతే దూరంలో ఉంటుంది.

మన వాళ్ల పిల్లలు లండన్‌లో ఉన్నారు కదా, వాళ్లను అడిగి చూడండి. ఇంగ్లండులో 2008 ఏప్రిల్ నుంచి దివ్యాంగులకు దేశమంతటా స్థానిక బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిదిన్నర తర్వాత మాత్రమే, అదొక మెలిక. అక్కడ నాకు నచ్చిన విషయం వేరే ఉంది. నడవలేనివారికి ఇచ్చే ప్రభుత్వ భత్యం నిర్ణీత స్థాయిలో అందుతుంటే, ఆ ఉత్తరం చూపించి పాసు తీసుకోవచ్చు. ఒకసారి రుజువైన కష్టాన్ని మళ్లీ రుజువు చేయమని డాక్టరు దగ్గరకు పంపరు. యూడీఐడీ వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే, మన దాకా పూర్తిగా రావాలి.

ఇప్పుడు దాతలకు నా విన్నపం. జకాత్ ఎవరికి చెల్లుతుందో చెప్పవలసినవారు ఉలమాలు, నేను కాదు. ఈ సొసైటీలో సాధారణ విరాళాల నిధి కూడా ఉంది. అందులోంచి ఈ ఏడాది ఒక్క మూడు చక్రాల బండి తగ్గించి, ఆ డబ్బును ఆసుపత్రి రోజు ఆటోకు, తోడు వెళ్లిన మనిషి కూలికి, ఫొటోలకు, జిరాక్సులకు కేటాయించండి. బండి ఇస్తే పేపర్లో ఫొటో వస్తుంది. ఆటో కిరాయికి రాదు, నాకు తెలుసు. ప్రతి వీధికీ డిగ్రీ చదివిన ఇద్దరు పిల్లల్ని అప్పగించండి, ఆడపిల్లలైతే ఇళ్లలోకి చొరవగా వెళ్లగలరు. వాళ్లు చేయవలసిందల్లా ప్రతి దివ్యాంగుడి ఆధార్, సదరం, రేషను కార్డు పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూడటం, సర్టిఫికెట్టు గడువు రాసిపెట్టడం, స్లాట్లు తెరిచిన పొద్దున సచివాలయం ముందు నిలబడటం.

నేను చెప్పిన సెల్‌ఫోన్ల అబ్బాయికి ఇదే చేశాం. పేరు సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది, మూడుసార్లు తిరిగాం. పాసు చేతికి వచ్చిన రోజు అతను నా దగ్గరకు రాలేదు, పని మానితే జీతం కోస్తారు. ఫోన్ చేసి, "మాస్టారూ, మెట్టు మాత్రం ఎత్తుగానే ఉంది" అన్నాడు. నిజమే. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు నా మోకాలికే కష్టం. దాని గురించి డిపో మేనేజరు గారికి అర్జీ రాశాను. కింద మీ సంతకాలు కూడా కావాలి, కాగితం టీల దగ్గర బల్ల మీద పెట్టాను.

ఇంట్లో దివ్యాంగులు ఉన్నవాళ్లు ఆదివారం పది గంటలకు ఇక్కడికే రండి. ఒరిజినల్ ఆధార్, ఏ పాత సర్టిఫికెట్టు ఉంటే అది, ప్రస్తుతం వాడుతున్న ఫోన్ తెచ్చుకోండి. మనిషిని తీసుకురానక్కర్లేదు.