బిడ్డకు తగిలిన విషానికి తల్లి జవాబుదారీనా?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డ అవకరంతో పుడితే మన ఇళ్లలో మొదటి ప్రశ్న తల్లికే ఎదురవుతుంది. ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు, గ్రహణం పూట బయటికెందుకొచ్చావు అంటారు. ఊరి చెరువులో ఏ ఫ్యాక్టరీ నీళ్లు కలుస్తున్నాయని ఎవరూ అడగరు. పాదరసం, సీసం వంటి భారలోహాల గురించి ఈ వేదిక మీద నేను మాట్లాడటానికి కారణం అదే.

జపాన్‌లోని మినమాత పట్టణంలో చిస్సో రసాయన కర్మాగారం మిథైల్ పాదరసం కలిసిన వ్యర్థాలను ఏళ్ల తరబడి సముద్రంలోకి వదిలింది. అది చేపల్లో చేరింది. ఆ చేపలు తిన్న జాలరి కుటుంబాల్లో కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పాయి, చూపు తగ్గింది, మాట తడబడింది. 1956 మేలో ఈ జబ్బు అధికారికంగా నమోదైంది.

అదే ఊళ్లో మెడ నిలవని, నడక రాని పిల్లలు పుట్టారు. వాళ్లు చేప ముట్టలేదు కాబట్టి ఇది వేరే జబ్బన్నారు డాక్టర్లు. మాయ విషాన్ని బిడ్డ దాకా పోనివ్వదని అప్పటి వైద్యుల నమ్మకం. కడుపుతో ఉండగా తాము తిన్న చేపల వల్లే ఇలా అయిందని తల్లులు చెబుతూనే ఉన్నారు. హరదా మసజుమి అనే యువ వైద్యుడు ఆ మాటను కొట్టిపారేయకుండా ఆ పిల్లలను పరిశీలించాడు. 1962లో చనిపోయిన ఒక పాపకు శవపరీక్ష చేశాక తల్లుల మాటే నిజమని తేలింది. జపాన్‌లో బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి దాచుకునే ఆచారం ఉంది. తర్వాతి కాలంలో ఆ బొడ్డుతాళ్లలో పాదరసాన్ని కొలిచారు. తల్లులు దాచినదే సాక్ష్యమైంది. అయినా కర్మాగారమే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో.

ఇందులో గమనించాల్సిందేమంటే, చాలామంది తల్లుల్లో జబ్బు లక్షణాలు స్వల్పమే. పెరిగిపోయిన మెదడు తట్టుకున్న మోతాదును, ఇంకా రూపుదిద్దుకుంటున్న మెదడు తట్టుకోలేదు.

సీసం దారి వేరు. అది ఒంట్లో కాల్షియం వేషం వేసుకుని ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉండిపోతుంది. గర్భంలోని బిడ్డ కోసం తల్లి ఎముకలు కాల్షియాన్ని వదిలినప్పుడు సీసమూ బయటికొచ్చి మాయను దాటుతుంది. చిన్నతనంలో పీల్చిన సీసం పాతికేళ్ల వయసులో ఆమె బిడ్డను చేరవచ్చు. పిల్లల తెలివినీ, చదువునూ, ఎదుగుదలనూ దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదనే మోతాదే దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇనుము తక్కువైన ఒళ్లు సీసాన్ని మరింతగా పీల్చుకుంటుంది. మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికే విషం ఎక్కువ అంటుతుందన్నమాట.

అయితే ఆడవాళ్లను ఆ పనుల్లోంచి తీసేద్దాం అంటారు కొందరు. అమెరికాలో జాన్సన్ కంట్రోల్స్ అనే బ్యాటరీల కంపెనీ 1982లో అదే చేసింది. పిల్లలు పుట్టే అవకాశం లేదని డాక్టరు సర్టిఫికెట్ తెస్తేనే సీసం పని ఇస్తామంది. ఉద్యోగం కోసం ఒక కార్మికురాలు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. తండ్రి కావాలనుకుని, ఒంట్లో సీసం తగ్గించుకోవడానికి సెలవడిగిన మగ కార్మికుడికి సెలవు దొరకలేదు. సీసం మగవారి వీర్యాన్నీ పాడుచేస్తుంది మరి! ఆ నిబంధన చెల్లదని 1991లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీసేయాల్సింది విషాన్ని, స్త్రీని కాదు.

2000లో మన దేశమంతటా సీసం కలిసిన పెట్రోలు నిలిపేశారు. ఏ తల్లి జాగ్రత్తా చేయలేని పని ఒక ఉత్తర్వు చేసింది. కానీ 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి పడిపోయినప్పుడు, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని తెలియడానికి నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

అందుకే మనం మూడు అడగాలి. రక్తంలో సీసం పరీక్ష జిల్లా ఆసుపత్రిలోనే జరగాలి. ఫ్యాక్టరీ ఏం వదులుతోందో గ్రామసభలో తెలుగులో చెప్పాలి. హాని లేదని రుజువు చేసే బాధ్యత ఫ్యాక్టరీదే కావాలి. మీరు గ్రామాల్లో సర్వే చేసేటప్పుడు గర్భస్రావాలు, బిడ్డల ఎదుగుదల గురించి తల్లులు చెప్పే మాటలను తేదీలతో సహా రాసి పెట్టండి. రేపు అధికారుల ముందు పెట్టడానికి మన చేతిలో ఉండేది అదే.